వేడెక్కాక ఐడిలింగ్ నిలవట్లేదు, 600–1100 మధ్య ఊగుతోంది: ముందు ఏం చూడాలి?

పెట్రోల్16

1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. పోర్ట్ ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ త్రాటిల్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉంది. 85,000 కిలోమీటర్లు తిరిగింది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. 1300 దగ్గర నిలబడి మెల్లగా దిగుతుంది, అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చాకే తంటా. న్యూట్రల్‌లో ఆర్‌పీఎం 600కి పడుతుంది, 1100కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఏసీ వేస్తే 500 దాకా జారి బండి మొత్తం వణుకుతుంది. క్లచ్ నొక్కి ఆపేటప్పుడు ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతోంది కూడా. నడిచేటప్పుడు మాత్రం పికప్‌లో లోటు లేదు. చెక్ ఇంజిన్ లైటు వస్తుంది, కొన్నాళ్లకు దానంతటదే పోతుంది.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేయించాను, తేడా లేదు. ఒక మెకానిక్ త్రాటిల్ బాడీ మొత్తం మార్చాలంటున్నారు, ఇంకొకరు ఇంజెక్టర్లు పోయాయంటున్నారు. రెండూ ఖరీదైన పనులే. నా దగ్గర మామూలు బ్లూటూత్ ఓబీడీ స్కానర్, మల్టీమీటర్ ఉన్నాయి. పార్టులు కొనకముందు ఏ వరసలో చూసుకుంటూ రావాలో చెప్పగలరా?

వాల్వ్‌టైమింగ్

ముందు ఏ పార్టూ కొనకండి. స్కానర్ ఉందన్నారు కాబట్టి సగం పని అయినట్టే.

ఐడిలింగ్‌లో త్రాటిల్ రెక్క దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ. వేడెక్కిన ఇంజిన్, లోడ్ ఏమీ లేకపోతే, లీటరు కెపాసిటీకి సెకనుకు 1 నుంచి 1.5 గ్రాముల గాలి చాలు. అంత కొంచెం గాలిలో అర గ్రాము అటూ ఇటూ అయినా మిశ్రమం పాడవుతుంది. అదే అర గ్రాము రోడ్డు మీద 30, 40 గ్రాములు పీలుస్తున్నప్పుడు లెక్కలోకే రాదు. అందుకే పికప్ బాగుండి ఐడిలింగ్ ఒక్కటే చెడితే ముందు గాలి వైపు అనుమానించాలి. ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు తర్వాత సంగతి. పంపు నీరసిస్తే లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు బయటపడుతుంది.

ఇంకో మాట: ముల్లు కదులుతోందా, ముల్లు నిలకడగా ఉండి బండి మాత్రమే వణుకుతోందా అన్నది వేరుచేసి చూడాలి. ముల్లు 750 దగ్గర కదలకుండా ఉండి స్టీరింగ్, సీటు అదురుతుంటే ఇంజిన్ మౌంటులు చూడండి. బోనెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు బ్రేక్ నొక్కి క్లచ్‌ను కొంచెం కొంచెం వదులుతుంటే ఇంజిన్ ఒక పక్కకు బాగా ఒరిగిందంటే మౌంటు రబ్బరు చిరిగినట్టే. ముల్లు స్వల్పంగా అదురుతూ, సైలెన్సర్ దగ్గర ఆగి ఆగి "పుట్ పుట్" మంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్ సరిగా మండట్లేదు: ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ లేదా కంప్రెషన్. మీరు చెప్పినట్టు ముల్లు ఒక లయలో ఎక్కుతూ దిగుతూ ఉంటే, గాలీ పెట్రోలూ సరితూగక ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సర్దుకోవడానికి పెనుగులాడుతోందని అర్థం.

ఇప్పుడు చేయాల్సింది: ఇంజిన్ పూర్తిగా వేడెక్కి రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఆగండి. ఏసీ, లైట్లు ఆపేయండి. స్కానర్‌లో ముందు కోడ్‌లు రాసుకోండి, చెరిపేయకండి. చెరిపేస్తే కోడ్‌తో పాటు దాచి ఉంచిన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు (కోడ్ పడిన క్షణంలోని రీడింగులు) కూడా పోతాయి. తర్వాత షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, మాఫ్, కూలెంట్ టెంపరేచర్ ఐడిలింగ్‌లో రాసుకోండి. ఆ పైన యాక్సిలరేటర్‌ను 2500 దగ్గర అరనిమిషం కదలకుండా పట్టుకుని అవే మళ్లీ రాసుకోండి. రెండు వరసలూ ఇక్కడ పెట్టండి.

వాటిని చదివే తీరు ఇది. ట్రిమ్ అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో (ప్లస్), తగ్గించిందో (మైనస్) చెప్పే అంకె. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు మారేది, లాంగ్ టర్మ్ నేర్చుకుని ఉంచుకునేది. రెండు ట్రిమ్‌లనూ కూడితే వచ్చేదే అసలు సవరణ. అది ±5% లోపు ఉంటే మంచి ఇంజిన్, ±10% దాటితే ఎక్కడో తేడా ఉంది. ఐడిలింగ్‌లో ప్లస్ బాగా ఎక్కువై 2500 దగ్గర సున్నా వైపు దిగితే, మాఫ్‌ను తప్పించుకుని గాలి దూరుతోంది, అంటే వాక్యూమ్ లీక్. ఐడిలింగ్‌లో బాగానే ఉండి వేగం, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోల్ ప్రెషర్ తక్కువ, లేదా మాఫ్ తీగ మీద దుమ్ము. రెండు చోట్లా మైనస్ అయితే పెట్రోల్ ఎక్కువ పడుతోంది: కారే ఇంజెక్టర్, మితిమీరిన ఫ్యూయల్ ప్రెషర్, ట్యాంకు ఆవిరి ఎక్కువగా లాగుతున్న పర్జ్ వాల్వ్.

కూలెంట్ టెంపరేచర్ ఎందుకు అడిగానంటే, ఇంజిన్ వేడిగా ఉన్నా సెన్సర్ చల్లగా ఉందని చెబితే ఈసీయూ అనవసరంగా పెట్రోల్ పోస్తుంది, ఐడిలింగ్ ఎత్తి ఉంచుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో 85 నుంచి 100 డిగ్రీల మధ్య కనిపించాలి. 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. సెన్సర్ విప్పి మల్టీమీటర్ పెడితే చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు చూపిస్తుంది. వేడికి ఓములు తగ్గాలి, మధ్యలో ఎక్కడా గెంతకూడదు.

త్రాటిల్ బాడీ మార్చమన్నవారి మాట పూర్తిగా కొట్టిపారేయను. రెక్క అంచు చుట్టూ మసి పేరుకుంటే ఐడిల్ గాలి దారి ఇరుకైపోతుంది, ఆపేటప్పుడు ఇంజిన్ ఆగిపోవడం దాని ముఖ్య లక్షణమే. కానీ దానికి మార్చడం మందు కాదు, తుడవడం. పైగా మసి వల్ల అయితే ట్రిమ్‌లు అంతగా చెడవు, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలి అంతా లెక్కలో ఉన్నదే. కోడ్ వస్తే పీ0506 రావాలి, ఐడిల్ స్పీడ్ తక్కువ అని.

రించీపాన

పైన చెప్పిన ట్రిమ్ లెక్క మాఫ్ ఉన్న బళ్లకే. ఇది చదివి వేరే బండికి అన్వయించుకునేవాళ్ల కోసం ఒక సవరణ. మాఫ్ లేకుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉంటే, లీక్ ద్వారా వచ్చిన గాలి కూడా మానిఫోల్డ్ ప్రెషర్‌ను పెంచుతుంది. సెన్సర్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది. కాబట్టి ట్రిమ్‌లు మామూలుగానే ఉంటాయి, ఐడిలింగ్ మాత్రం 1200, 1500కి లేచి కూర్చుంటుంది, కోడ్ పీ0507 (ఐడిల్ స్పీడ్ ఎక్కువ అని) వస్తుంది. ఆ బళ్లలో మ్యాప్ విలువనే చూడాలి. సముద్ర మట్టానికి దగ్గర్లో, వేడి ఇంజిన్ ఐడిలింగ్‌లో 30 నుంచి 40 కిలోపాస్కల్‌లు మంచి లెక్క. 50 దాటితే లీక్ గానీ, వాల్వ్ టైమింగ్ తప్పడం గానీ, కంప్రెషన్ తగ్గడం గానీ, తెరిచి ఇరుక్కున్న ఈజీఆర్ (కాలిన పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) గానీ కారణం.

లయగా ఊగడం ఎలా పుడుతుందో కూడా చెబుతాను, లీక్ పెద్దదైనప్పుడు ఇది స్పష్టంగా కనిపిస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, కానీ లీక్ గాలితో ఆర్‌పీఎం 1500 దాటింది. ఈసీయూ దృష్టిలో అది కాలు తీసేసి దిగుతున్న బండి, అందుకని ఇంజెక్టర్లు ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడిపోతుంది. ఒక హద్దు దాటి కిందికి రాగానే మళ్లీ పెట్రోల్ పోస్తుంది, లీక్ గాలి అక్కడే ఉంది కనుక మళ్లీ లేస్తుంది. గంటసేపు నిలబెట్టినా అదే ఆట. మీ బండిలో 1100 దగ్గరే తిరుగుతోంది కాబట్టి మీది ఇంధనం ఆపే దశదాకా వెళ్లలేదు. మిశ్రమం పలచబడి పడటం, సవరణతో లేవడం, అంతే.

చల్లగా ఉన్నప్పుడు బాగుండటం కూడా లీక్‌కు విరుద్ధం కాదు. అప్పుడు ఈసీయూ ఎలాగూ మిశ్రమాన్ని చిక్కగా ఇస్తుంది, ఆర్‌పీఎం ఎత్తి ఉంచుతుంది, గాలి కూడా ఎక్కువ పీలుస్తుంది. చిన్న లీక్ ఆ చాటున దాక్కుంటుంది. దీనికి తిరగబడిన రకం ఒకటుంది: ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ రబ్బరు గట్టిపడితే చల్లగా ఉన్నప్పుడు కుంచించుకుపోయి మొదటి రెండు నిమిషాలు లీక్ అయి, వేడెక్కాక వ్యాకోచించి మూసుకుంటుంది. మీ లక్షణం అది కాదు. వేడెక్కాకే మొదలయ్యే రకంలో పర్జ్ వాల్వ్‌ను మర్చిపోవద్దు. ట్యాంకు ఆవిరిని క్యానిస్టర్ (ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) నుంచి లాగేది అదే, ఇంజిన్ వేడెక్కాకే ఈసీయూ దాన్ని వాడుతుంది. ట్యాంకు నింపాక సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తోందంటే అనుమానం ముందు దాని మీదికే వెళ్లాలి.

పెట్రోల్16

ఇద్దరికీ ధన్యవాదాలండి. వివరాలు ఇవి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక:

కోడ్ ఒక్కటే, పీ0171 (మిశ్రమం పలచన అని). మిస్‌ఫైర్ కోడ్‌లు లేవు. కూలెంట్ 91 డిగ్రీలు.
ఐడిలింగ్‌లో షార్ట్ టర్మ్ +14, లాంగ్ టర్మ్ +18, మాఫ్ సెకనుకు 1.5 గ్రాములు.
2500 దగ్గర షార్ట్ టర్మ్ +2, లాంగ్ టర్మ్ +6, మాఫ్ 6.5 గ్రాములు.

ట్యాంకు నింపాక స్టార్టింగ్ ఇబ్బంది లేదు. పెట్రోల్ ప్రెషర్ కూడా కొలిపించాలా?

వాల్వ్‌టైమింగ్

అక్కర్లేదు. మీ అంకెలే సమాధానం చెబుతున్నాయి.

ఐడిలింగ్‌లో మొత్తం +32%. మాఫ్ 1.5 అంటోంది, పెట్రోల్ మాత్రం దానికి 32% అదనంగా పడుతోంది. అంటే ఇంజిన్‌లోకి నిజంగా వెళ్తున్నది సుమారు 2 గ్రాములు, లెక్కకు రాని అర గ్రాము పక్కదారిన వస్తోంది. 2500 దగ్గర మాఫ్ 6.5, దానికి అదే అర గ్రాము కలిపితే 7, అంటే 8% లోపు తేడా. మీరు రాసింది +2, +6, కూడితే +8. ఒకే రంధ్రం రెండు చోట్లా ఒకే పరిమాణంలో గాలి లాగుతోందన్నమాట. మాఫ్ మురికి పట్టినా, పంపు నీరసించినా అంకెలు ఇలా పొసగవు. ఇంజెక్టర్లు మూసుకుపోతే 2500 దగ్గర కూడా ఇంచుమించు అదే శాతం ఉండేది.

లీక్ ఎక్కడుందో పట్టడానికి పైపులు నొక్కి చూడటమే సులువైన దారి. ముక్కు పటకారు చివర్లకు గుడ్డ చుట్టి, మానిఫోల్డ్‌లోకి వెళ్లే ఒక్కో రబ్బరు పైపునూ మానిఫోల్డ్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర నొక్కండి. అలా నొక్కితే అవతల ఎక్కడ చిరిగినా అంతా ఒకేసారి తెగిపోతుంది. గట్టి ప్లాస్టిక్ పైపుల్ని నొక్కొద్దు, వేడికి పెళుసెక్కి ఉంటాయి, విరుగుతాయి. వాటిని ఊడదీసి మానిఫోల్డ్ వైపు ముక్కును బిరడాతో మూయండి. ఫ్యాన్, బెల్టుల దగ్గర చేతులు, చొక్కా అంచులు జాగ్రత్త.

ముందు పర్జ్ పైపు, తర్వాత పీసీవీ పైపు (క్రాంక్‌కేస్‌లోని ఆయిల్ ఆవిరిని మానిఫోల్డ్‌లోకి తీసుకెళ్లేది), ఆఖర్న బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌కు బలమిచ్చేది) పైపు. ఒక్కోటి నొక్కి పది సెకన్లు షార్ట్ టర్మ్ చూడండి, లాంగ్ టర్మ్ అంత త్వరగా కదలదు. సరైన పైపు దొరికితే షార్ట్ టర్మ్ +14 నుంచి సున్నాకు రాదు, సున్నా దాటి మైనస్ 15, 18 దాకా పడుతుంది. లాంగ్ టర్మ్ నేర్చుకున్న +18 ఇంకా అలాగే ఉంటుంది కనుక దాన్ని తీసేయడానికి షార్ట్ టర్మ్ అంతే కిందికి వెళ్లాలి. అది చూసి ఇంకో తప్పు ఉందేమోనని కంగారుపడకండి.

రించీపాన

బూస్టర్‌కు పటకారు కూడా అక్కర్లేదు. ఐడిలింగ్‌లో బ్రేక్ నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ ఆర్‌పీఎం మారిపోయి, పెడల్ దగ్గర బుస్సుమని గాలి వినిపిస్తే లోపలి డయాఫ్రం చిరిగింది. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు నొక్కితే గట్టిపడాలి, అలా నొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందట్లేదు. బూస్టర్ లీక్ బ్రేకులకు సంబంధించింది, అది తేలితే బండి నడపకండి.

పర్జ్ వాల్వ్‌కు: ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, వాల్వ్‌కు క్యానిస్టర్ వైపున్న పైపు ఊడదీసి ఆ ముక్కు మీద వేలు పెట్టండి. పీల్చకూడదు. పీలుస్తుంటే మూసుకోవట్లేదు, మార్చాల్సిందే.

కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి ఆర్‌పీఎం లేస్తుందేమో చూడమని చాలాచోట్ల రాస్తారు. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన మండే ద్రవం చల్లడం అది, చేయొద్దు. గ్యాస్కెట్ల దగ్గర అనుమానం ఉంటే మొక్కలకు కొట్టే స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్లు సన్నగా చల్లండి, కాయిల్స్, కనెక్టర్ల మీద పడకుండా. నీళ్లు పీల్చిన క్షణం బుస్ ఆగి ఐడిలింగ్ ఒక్కసారి తడబడుతుంది. పైపుల్లో దొరక్కపోతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. ప్రెషర్ 1 పీఎస్ఐ దాటనివ్వొద్దని చెప్పండి, అంతకు మించితే బాగున్న సీల్స్ కూడా ఊడతాయి.

కామన్‌రైల్

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఈ లెక్కల్ని అలాగే తీసుకోవద్దు. డీజిల్‌లో ఐడిలింగ్‌ను నిలిపేది గాలి కాదు, ఇంధనం మోతాదు. ముల్లు ఊగితే ఫిల్టర్ మూసుకుపోవడం, ఇంధనం లైన్లోకి గాలి చేరడం (పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి), హై ప్రెషర్ పంపు మీటరింగ్ వాల్వ్ ముందు చూడాలి. ముల్లు నిలకడగా ఉండి కొట్టుకుంటూ వణికితే ఇంజెక్టర్లు: నాలుగు రిటర్న్ పైపుల్నీ నాలుగు ఒకేలాంటి సీసాల్లో పెట్టి ఒకే సమయం నడిపి పట్టండి. ఒక సీసా మిగతావాటికంటే రెండింతలు నిండిందంటే ఆ ఇంజెక్టర్ లోపల కారుతోంది. మసి పట్టి తెరుచుకుపోయిన ఈజీఆర్ వల్ల కూడా ఐడిలింగ్ గరుకుగా ఉంటుంది, దానికి నల్ల పొగ తోడవుతుంది.

పెట్రోల్16

దొరికింది. పర్జ్ పైపు నొక్కితే మార్పు లేదు. పీసీవీ పైపు నొక్కగానే ముల్లు 750 దగ్గర నిలబడిపోయింది, షార్ట్ టర్మ్ −16కి పడింది, అచ్చం మీరు చెప్పినట్టే. ఊడదీసి చూస్తే మానిఫోల్డ్ కింది వంపులో, పై నుంచి కనిపించని వైపు, రబ్బరు మెత్తబడి ఉబ్బిపోయి పొడుగునా చీలింది. వేలితో నొక్కితే మూసుకుంటోంది, వదిలితే తెరుచుకుంటోంది.

ఇక మూడు సందేహాలు. పైపు ఒక్కటే మారిస్తే చాలా, పీసీవీ వాల్వ్ కూడా మార్చాలా? షాపులో రేడియేటర్ పైపు ముక్క అదే కొలత ఉంది, వేయొచ్చా? త్రాటిల్ బాడీ ఎలాగూ మసిగా కనిపిస్తోంది, తుడిస్తే ఈసీయూకు మళ్లీ నేర్పించాలంటారు, అది ఎలా?

వాల్వ్‌టైమింగ్

రేడియేటర్ పైపు వేయకండి. ఆ రబ్బరు నీళ్లకూ కూలెంట్‌కూ తట్టుకుంటుంది, ఆయిల్ ఆవిరికి కొన్ని నెలల్లోనే ఉబ్బి మెత్తబడుతుంది. మీ పైపు వంపు దగ్గర మెత్తబడిందన్నారు చూడండి, ఆయిల్ రబ్బరును చేసే పని అదే. ఆయిల్‌కు తట్టుకునే రబ్బరుదే తీసుకోండి, వీలైతే ఆ మోడల్‌కు అచ్చులో పోసి వంపుతో సహా వచ్చిందే. సూటి పైపును వంచి దూర్చితే వంపు దగ్గర నలిగి మూసుకుపోతుంది, లేదా ఇంజిన్ వాక్యూమ్‌కు చప్పబడుతుంది.

వాల్వ్ కూడా మార్చేయండి. విప్పి ఊపితే లోపలి పిన్ను టకటకమని కొట్టుకోవాలి. కొట్టుకున్నా 85,000 కిలోమీటర్ల వాల్వ్‌లో స్ప్రింగు నీరసించి ఉండొచ్చు. వాల్వ్ తెరిచి ఇరుక్కుంటే కనిపించే లక్షణం పైపు చిరిగినప్పటిలా ఉండదు. క్రాంక్‌కేస్‌లోకి వచ్చే తాజా గాలి మాఫ్ దాటాకే విడిపోతుంది కనుక ఆ గాలి లెక్కలో ఉన్నదే, ట్రిమ్ చెడదు, ఐడిల్ ఎక్కువై ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. చిరిగిన పైపులో అయితే బోనెట్ కింది గాలి నేరుగా దూరుతుంది. ఇదే కారణంగా డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చోకపోయినా, ఆయిల్ మూత రబ్బరు గట్టిపడినా మాఫ్ బండిలో పలచన కోడ్ వస్తుంది. ఆ రెండూ కూడా ఒకసారి చూసుకోండి, ఖర్చు లేని పని.

పైపు వేశాక స్కానర్‌తో కోడ్ చెరిపేయండి. చాలా బళ్లలో దాంతో పాటే నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. అవకపోతే నాలుగైదు రోజులు మామూలుగా నడిపితే లాంగ్ టర్మ్ దిగి వస్తుంది, ఆలోగా కాస్త పెట్రోల్ వాసన వచ్చినా భయం లేదు. చివరికి ఐడిలింగ్‌లో మొత్తం ±5% లోపు, మాఫ్ సుమారు 2 గ్రాములు కనిపించాలి. ఇంకా +12, +15 దగ్గర ఆగిపోతే రెండో లీక్ ఉంది, మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల కింది ఓ రింగులు చూడాలి.

రించీపాన

త్రాటిల్ సంగతి. పైపు వేసి, ట్రిమ్‌లు సరయ్యాయని చూసుకున్నాకే దాన్ని ముట్టుకోండి. రెండూ ఒకేసారి చేస్తే తర్వాత ఐడిలింగ్‌లో తేడా వస్తే దేనివల్లో తెలియదు.

ఇంజిన్ చల్లగా ఉండాలి, తాళం తీసి బ్యాటరీ మైనస్ విప్పాలి. ఎయిర్ పైపు తీసి, వీలైతే త్రాటిల్ బాడీని నాలుగు బోల్టులూ విప్పి బయటికి తీయండి. దాని గ్యాస్కెట్ చప్పబడి ఉంటే కొత్తది వేయండి, లేదంటే ఇంకో లీక్‌ను మీరే సృష్టించినట్టు. క్లీనర్‌ను నేరుగా చల్లకుండా నూలు పోగులు రాలని గుడ్డ మీద చల్లి తుడవండి. మసి పేరుకునేది ముఖ్యంగా రెక్క అంచు మూసుకునే గీత దగ్గర, వెనక వైపున. ద్రవం మోటారు వైపు, షాఫ్ట్ బేరింగుల్లోకి కారకూడదు. ఎలక్ట్రానిక్ రెక్కను తెరవడానికి వేలితో బలవంతంగా తోయొద్దు, లోపలి ప్లాస్టిక్ గేర్లు దెబ్బతింటాయి. ఒక్కో మోడల్‌లో ఎలా తెరవాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించండి. గీకకండి, చాలావాటిలో లోపల పలచటి పూత ఉంటుంది, అది పోతే మసి ఇంకా త్వరగా పడుతుంది. త్రాటిల్ క్లీనర్‌ను మాఫ్ తీగ మీద ఎప్పుడూ చల్లొద్దు, దానికి మాఫ్ క్లీనర్ వేరే ఉంది, చల్లి ఆరనివ్వడమే, తాకకూడదు.

తుడిచాక ఐడిల్ 1200, 1500 దగ్గర నిలబడితే చెడగొట్టామని అనుకోకండి. మసి ఉన్నప్పుడు రెక్కను ఎంత తెరవాలో ఈసీయూ నేర్చుకుని ఉంది, ఇప్పుడు అదే తెరుపులో గాలి ఎక్కువ వస్తోంది. చాలా బళ్లలో పనిచేసే పద్ధతి ఇది: బ్యాటరీ తగిలించి, యాక్సిలరేటర్ ముట్టకుండా తాళం ఆన్‌లో అరనిమిషం ఉంచి ఆపండి. మళ్లీ ఆన్ చేసి స్టార్ట్ చేయండి. ఏసీ, లైట్లు, అద్దం హీటర్ ఏవీ లేకుండా ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కించి, ఆ తర్వాత పది నిమిషాలు ఐడిలింగ్‌లోనే వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. ఆ పైన ఒకసారి నడిపి నాలుగైదు సార్లు పూర్తిగా ఆపండి. కొన్ని మోడళ్లకు మాత్రం ఇది చాలదు, స్కానర్‌లో త్రాటిల్ అడాప్టేషన్ అనే మెనూ నుంచి చేయించాలి, మామూలు బ్లూటూత్ స్కానర్లలో అది ఉండదు.

ఏసీ వేసినప్పుడు ఆర్‌పీఎం క్షణం పడి వెంటనే 50, 100 పైకి లేవడం మామూలే. లేవకుండా 500 దగ్గరే ఉండిపోతే అప్పుడు మల్టీమీటర్ తీయండి: ఐడిలింగ్‌లో ఏసీ, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర 13.5 వోల్టుల కంటే బాగా తక్కువ ఉంటే ఆల్టర్నేటర్‌నూ దాని బెల్టునూ చూపించాలి. వోల్టేజి సరిపోతే ఏసీ కంప్రెసర్ బరువుగా తిరుగుతోందేమో చూడాలి. ఇంజిన్ ఆపి, ఏసీ క్లచ్ ముందు పలకను చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి, ఎక్కడా పట్టేయకూడదు.

ట్యాపెట్08

ఇదే థ్రెడ్‌లో ఒక చిన్న ప్రశ్న. గ్యాస్ మీద నడిచే బండి, ట్రిమ్‌లు బాగానే ఉన్నాయి, కాయిల్స్ మార్చి మార్చి చూసినా మూడో సిలిండర్ మిస్సింగ్ కోడ్ పీ0303 కదలట్లేదు. చల్లగా ఉన్నప్పుడు ఐడిలింగ్ బాగుంది, వేడెక్కాక వణుకు. 2000 దాటితే వణుకు పోతుంది.

వాల్వ్‌టైమింగ్

కాయిల్‌ను ఇంకో సిలిండర్‌కు మార్చినా కోడ్ దాంతో పాటు వెళ్లలేదంటే కాయిల్ కాదు. ప్లగ్గును, ఇంజెక్టర్‌ను కూడా అలాగే మార్చి చూసి ఉంటే ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సందు) చూడండి. గ్యాస్ పొడిగా మండుతుంది, పెట్రోల్ తడిలా వాల్వ్‌లనూ సీట్లనూ చల్లబరచదు, సీటు అరిగి ఎగ్జాస్ట్ వాల్వ్ పైకి జరుగుతుంది. దాంతో ట్యాపెట్ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. చప్పుడు పెరగదు, పైగా తగ్గుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. వేడికి వాల్వ్ కాడ పొడుగై పూర్తిగా మూసుకోక కంప్రెషన్ కారిపోతుంది. ఐడిలింగ్‌లో కారడానికి వ్యవధి ఉంటుంది, 2000 దాటితే ఉండదు, అందుకే అక్కడ వణుకు మాయమవుతుంది.

ఇంజిన్ వేడిగా ఉండగా ఇంధనం ఆపేసి, కాయిల్స్ కనెక్టర్లు తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఒక్కో సిలిండర్‌కు ఐదారు తిప్పుల కంప్రెషన్ కొలవండి. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ ఉంటుంది, అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15% మించకూడదు. మూడోది బాగా తక్కువ వస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్. వాల్వ్ అని తేలితే హెడ్ విప్పించకముందే ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ గ్యాప్ కొలవండి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు సర్ది మళ్లీ కంప్రెషన్ చూడండి. వాల్వ్ అంచు కాలకముందు పట్టుకుంటే ట్యాపెట్ సర్దడంతోనే సరిపోతుంది. కంప్రెషన్ అప్పటికీ పెరగకపోతే వాల్వ్ కాలింది, అప్పుడు హెడ్ దించాలి. ఈ బండికి ప్రతి 20,000 కిలోమీటర్లకోసారి గ్యాప్ కొలిపించుకోండి, పెట్రోల్ బండికిచ్చే గడువుదాకా ఆగొద్దు.